రెండు నిమ్మకాయలు

గ్రీమ్స్‌పేటలో జ్ఞానప్రకాశం జిరాక్సు అంగడి మీద
రేకుల గది.
శనివారం రాత్రి తొమ్మిది దాటితే
అది ఒక కొండకోట, దాని ముందర తెగిపోబోతున్న వంతెన.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసన కిటికీలోంచి వస్తుంది,
దాన్ని మేం రాక్షసుల ఊపిరి అనుకుంటాం.

ఆట నడిపేది నేను.
పగలు మందుల అంగట్లో చీటీలు చదివేవాణ్ణి,
రాత్రి మంత్రాల లెక్క చెప్పేవాణ్ణి.

వంతెన మీద చెంగల్రాయులు ఒక్కడే కత్తి పట్టి నిలబడినాడు.
వాడి ఒంటికి కాపు పన్నెండు.
షమీమ్ చేతులు చాపి కవచ మంత్రం వేసింది, నాలుగు కలిసింది.
మూడు వారాల కిందట చేరిన కోకిల
కాగితం మూడుసార్లు చూసుకుని, గొంతు సవరించుకుని,
తనూ కవచమే వేసింది. ఆమెకు వచ్చింది అదొక్కటే.
రెండు.

"పద్దెనిమిది!" అన్నాడు చెంగల్రాయులు.
"పదహారు," అన్నాను.

గదిలో గొడవ.
"నా లారీకి ముందర నిమ్మకాయ కట్టినా,
నల్లతాడు కట్టినా,
కింద పాతచెప్పు యాలాడదీసినా.
అన్నీ కలిసే గదా పలమనేరు ఘాట్‌లో నన్ను కాపాడతా ఉండేది?"

"పేర్లు వేరు గదన్నా, కలుస్తాయి.
రెండు నిమ్మకాయలు కడితే మాత్రం ఒక నిమ్మకాయే.
పెద్దది పని చేస్తాది."
"చిన్నదో?"
"ఊరికే ఉంటాది."

ఆ మాట అనేటప్పుడు నేను కోకిల వైపు చూడలేదు.
చూసి ఉండాల్సింది.
ఆమె పెన్సిలుతో రాసుకున్న రెండుని
రబ్బరు పెట్టి మెల్లగా చెరిపేసుకుంటా ఉంది.

అంగట్లో లెక్క ఇంకో రకం.
అక్కడ డబ్బాల మీద పేర్లు రెండు, లోపలి మందు ఒకటే,
తెలియక రెండూ మింగితే కాలేయం మీద కూడికే కూడిక.
ఇక్కడ చేతులు రెండు, మంత్రం పేరు ఒకటే,
ఎంత ప్రేమగా వేసినా కూడదు.
ఏ లెక్క దయగలదో
ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

కరెంటు పోయింది.
జ్ఞానప్రకాశం ఫోను లైటు వేశాడు, షమీమ్ కూడా వేసింది.
రెండు వెలుగుల్లో పాచికకు రెండు నీడలు.
చీకట్లోంచి ఈటె ఒకటి వచ్చి
షమీమ్ భుజంలో దిగింది.
మనసు నిలిపి పట్టుకున్న మంత్రం కదా,
మనసు చెదిరింది, నాలుగు రాలిపోయింది.

ఇప్పుడు రాక్షసుడి గద.
ఇరవై ముఖాల పాచిక బల్ల మీద దొర్లి
టీ గ్లాసుకు తగిలి ఆగింది.
పదమూడు.

"పన్నెండు నాది, అయిపాయ," అని
చెంగల్రాయులు కాగితం మడిచేస్తున్నాడు.

అప్పుడు నాకు నియమంలో మిగతా సగం గుర్తొచ్చింది,
ఎవరికీ అవసరం పడక నేనెప్పుడూ పైకి చదవనిది:
చిన్న మంత్రం పోదు.
పెద్దదాని కింద, దాని గడువు తీరేదాకా, ఉంటుంది.
పెద్దది తొలగిన క్షణాన లెక్కలోకి వస్తుంది.

"కోకిలా, నీ కవచం గంటసేపు కదా?"
"చెరిపేసినాను సార్."
"నువ్వు చెరిపింది కాగితం మీదమ్మా."

పన్నెండుకి రెండు, పద్నాలుగు.
గద వాడి చెవి పక్కనుంచి గాలిని కొట్టి పోయింది.

ఎవరూ కేకలు వేయలేదు.
కోకిల రబ్బరు పొట్టును గోటితో ఒక పక్కకి పోగుచేసి,
చెరిపిన చోటనే, కాగితం పలచబడిన చోటనే,
మళ్ళీ రెండు రాసుకుంది.
ఈసారి గట్టిగా వత్తి.

మరుసటి వారం మార్కెట్ యార్డు దగ్గర
తోతాపురి లోడుతో చెంగల్రాయులు లారీ కనబడింది.
బంపరుకి రెండు నిమ్మకాయలు,
ఒకటి పెద్దది, దాని వెనకాల గోలీ అంతది.

"ఏందన్నా, రెండు కట్టినావు? కలవవని చెప్పినా గదా."

క్లీనరు పిల్లోడు తాడు బిగిస్తా ఉంటే చూస్తా అన్నాడు,
"పెద్దది ఎండిపోతేనో?"